లేడి ఎటు తిరిగి నిలబడింది?

నేను ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు హోసూరులో ఒక పద్యపఠన పోటీ జరిగింది. వీరేశలింగం పంతులుగారి తెలుగు శాకుంతలంలో దుష్యంతుడు లేడిని తరిమే పద్యం నాకు వచ్చింది. ఇంటి అరుగుమీద కూర్చుని గొంతెత్తి వల్లె వేస్తుంటే మా చిన్నతాత పక్కన ఆకువక్క నములుతూ విన్నాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. కానీ డెంకణికోట అడవిలో పాతికేళ్ళు వేటాడిన మనిషి. 'దాని అర్థమేమిరా?' అన్నాడు. చెప్పాను. లేడి మెడ అందంగా వెనక్కి తిప్పి తరుముకొస్తున్న రథం వైపు మాటిమాటికీ చూస్తోంది, బాణం పడుతుందన్న భయంతో వెనక భాగాన్ని ముందుకు ముడుచుకుంటోంది, అలసటతో తెరిచిన నోటినుంచి సగం నమిలిన గడ్డి దారంతా రాలుతోంది, నేలమీదకన్నా గాలిలోనే ఎక్కువగా పోతోంది అని.

చిన్నతాత కాసేపు ఊరుకున్నాడు. 'అట్లయితే ఆ రాజు లేడికి ఎనకాల ఉండాడా?' అన్నాడు.

'అవును. రథంమీద తరుముతా ఉండాడు.'

'ఎనకాల నుంచి ఏస్తాడా? పరిగెత్తే దాన్ని, పరిగెత్తే బండిమీద నిలబడుకోని? పిర్రలో ఏసి ఏం చేసుకుంటాడంట? వాడేం రాజురా!'

నాకు చాలా కోపం వచ్చింది. కాళిదాసును పట్టుకుని చదువురాని ముసలాయన ఇంత మాట అంటాడా అని. పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. ఆ మాట మాత్రం మరచిపోలేదు. నలభై ఏళ్ళ తర్వాత ఇప్పుడు ఆ మాటను కాగితంమీద పెట్టడానికి ఒక కారణం ఉంది.

మా అక్క కొడుకు టెక్సాసులో ఉంటాడు. పోయిన ఏడాది వచ్చినప్పుడు వాడి సంచిలో ఒక చిన్న పుస్తకం కనిపించింది. అక్కడ వేటాడాలంటే, 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటశిక్షణ తరగతి పూర్తిచేయాలి. ఆ తరగతి కోసం ఇచ్చిన పుస్తకం. (వీడు వేటకు పోతాడా అని మా అక్క కంగారు పడింది. స్నేహితులతో ఒకసారి వెళ్ళాడట, కాల్చలేదట. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.) అందులో కొన్ని పుటల నిండా లేడి బొమ్మలే. ఒకే లేడి, రకరకాలుగా తిరిగి నిలబడింది. ఒక్కొక్క బొమ్మ పక్కన కాల్చవచ్చు, కాల్చకూడదు అని. అవి చూడగానే మా చిన్నతాత అరుగుమీద మాట చెవిలో మోగింది. ఆయన ముతకగా అన్నదే ఈ పుస్తకం మర్యాదగా బొమ్మలు వేసి చెబుతోంది.

ఆ లెక్క పాఠకులకు కొంచెం వివరంగా చెప్పాలి. అది లేకపోతే తర్వాత నేను కావ్యాల గురించి చెప్పబోయేది నిలబడదు.

లేడి ఒంట్లో దెబ్బ తగిలితే క్షణాల్లో ప్రాణం పోయే చోటు చిన్నది. ముందుకాలి జబ్బ వెనకగా, పక్కటెముకల చాటున, ఊపిరితిత్తులూ గుండే ఉన్న భాగం. అమెరికాలోని తెల్లతోక లేడికి అది ఎనిమిది అంగుళాల పళ్ళెమంత అంటారు. మన చుక్కల దుప్పికి ఇంకా తక్కువే ఉంటుంది తప్ప ఎక్కువ ఉండదు. లేడి అడ్డంగా, డొక్క మనవైపు పెట్టి నిలబడితే ఆ పళ్ళెం పూర్తిగా కనబడుతుంది. కొంచెం అవతలికి ఏటవాలుగా తిరిగి ఉంటే ఇంకా మంచిదని విలుకాళ్ళు అంటారు. అప్పుడు గురి చర్మంమీద చుక్క కాదు. అవతలివైపు ముందుకాలిని మనసులో చూసుకుని, బాణం ఒంట్లోనుంచి అక్కడికి చేరేలా వేయాలి. మనవైపు ఏటవాలుగా తిరిగి ఉంటే జబ్బ ఎముక అడ్డం. ఎదురుగా నిలబడితే రొమ్ము ఎముక మధ్య సందు అరచేయంత కూడా ఉండదు. మంచెమీదనుంచి మరీ నిటారుగా కిందికి కాలిస్తే రెండు తిత్తుల్లో ఒక్కటే తగలవచ్చు. ఒక్క తిత్తి తగిలిన జంతువు చాలా దూరం పోతుంది. ఇక వెనకనుంచి. అక్కడ కనిపించేది పిర్రలూ తొడలూ పేగులూ. ఆ బొమ్మ పక్కన ఉన్నది ఒకటే మాట: వద్దు. పరుగెత్తే లేడి పక్కనా అదే మాట.

ఇది మాంసం పాడవుతుందన్న లెక్క మాత్రం కాదు. తిత్తుల్లో తగిలిన లేడి వంద గజాల లోపే పడిపోవడం మామూలు. దాని నెత్తురు ఎర్రగా, నురగగా ఉంటుంది. పేగుల్లో తగిలింది వీపు గూనిలా వంచుకుని పోతుంది. దాని నెత్తురులో పచ్చగా గడ్డి కనబడుతుంది. అది చావడానికి గంటలు పడుతుంది, ఒక్కొక్కప్పుడు రోజులు. వెంటనే వెంటపడితే ఇంకా దూరం పోయి పొదల్లో దొరకకుండా చస్తుంది. అందుకని ఆరేడు గంటలు ఆగి అప్పుడు జాడ తీయమంటారు. అన్నన్ని గంటలు ఆ జంతువు ఎక్కడో పడుకుని ఉంటుందని తెలిసీ మనిషి కూర్చుని ఉండాలి. కోణం గురించి ఇంత చర్చ ఎందుకో అక్కడ తెలుస్తుంది.

విల్లయితే ఇంకొక చిక్కు. నేను వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి, లెక్క వేసి చూడకుండా ఉండలేను. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. పాతకాలపు విల్లునుంచి వెళ్ళిన బాణం సెకనుకు 50 మీటర్లు పోతుందనుకుందాం. ముప్పై మీటర్ల దూరంలో ఉన్న లేడికి అల్లెతాటి చప్పుడు సెకనులో పదోవంతు లోపే వినబడుతుంది. బాణం చేరేది ఆరు పదోవంతులకు. మధ్యలో అర సెకను. ఆ అర సెకనులో లేడి ఒక్క అడుగు ముందుకు వేస్తే తిత్తుల్లో తగలవలసింది పేగుల్లో తగులుతుంది. విలుకాడు ఎంత గొప్పవాడైనా ఈ అర సెకను అతని చేతిలో లేదు.

ఇప్పుడు కాళిదాసు దగ్గరికి మళ్ళీ వెళ్దాం.

ఆ శ్లోకాన్ని మన పండితులు స్వభావోక్తికి ఉదాహరణగా మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ ఆ బొమ్మ ఎక్కడనుంచి చూస్తే కనబడుతుంది? లేడి మెడ వంపూ, వెనక్కి తిరిగిన కళ్ళూ, ముడుచుకుపోతున్న వెనక భాగమూ, దారిలో రాలిన గడ్డీ ఒక్కసారిగా కంటికి అందాలంటే చూసేవాడు దాని వెనకే ఉండాలి. అడ్డంగా నిలబడిన లేడి కవికి ఏమీ ఇవ్వదు. అది బొమ్మలా ఉంటుంది, అంతే. కవికి అన్నిటికన్నా అందమైన కోణం ఏదో, వేటగాడికి అన్నిటికన్నా చెడ్డ కోణం అదే. ఈ మాట ఏ వ్యాఖ్యానంలోనూ నా కంటబడలేదు. నేను చదివిన వ్యాఖ్యానాలు కొద్దివే అనుకోండి.

కాళిదాసుకు ఇది తెలియదా? తెలుసుననే నా నమ్మకం. ఆధారం ఆ శ్లోకంలోనే ఉంది. బాణం పడుతుందన్న భయంతో లేడి ముడుచుకుంటున్నది ఏ భాగాన్ని? వెనక భాగాన్ని. బాణం వస్తే ఎక్కడ దిగుతుందో ఆ లేడికి తెలుసు, కవికి తెలుసు. విల్లు పట్టుకున్నవాడే తెలియనివాడిలా ఉన్నాడు. చదువురాని మా చిన్నతాత అర్థం విన్న నిమిషంలో పట్టుకున్నది ఈ ఒక్క విశేషాన్నే. నేను మాత్రం ఆ పదాలు గొంతెత్తి చదివి, బహుమతి తెచ్చుకుని, దాన్ని చూడలేదు.

ఇంకొక సంగతి. మహాభారతంలో దుష్యంతుడి వేట ఇలా ఉండదు. అక్కడ అతను సేనతో అడవిమీద పడి పులులనూ మృగాలనూ కుప్పలుగా చంపుతాడు. దూరాన ఉన్నవాటికి బాణాలు, దగ్గరికి వచ్చినవాటికి కత్తి. అన్నీ అయ్యాక ఆకలిదప్పులతో కణ్వాశ్రమం ఉన్న వనానికి చేరతాడు. కాళిదాసు ఆ సంహారాన్నంతా తీసేసి ఒక్క లేడిని పెట్టాడు. ఆ ఒక్క లేడిని కూడా చావనివ్వలేదు. ఎక్కుపెట్టిన బాణాన్ని మునులు ఆపారు. శకుంతల కథలో కాళిదాసు చేసిన మార్పులంటే అందరం దుర్వాసుడి శాపం గురించీ ఉంగరం గురించీ మాట్లాడతాం. నా లెక్కలో ఇది వాటికి తీసిపోయేది కాదు. మొత్తం నాటకం ఒక వేయని బాణంతో మొదలవుతుంది.

అయితే చిన్నతాత పక్షం వహించి కాళిదాసుకు లేనిపోని ఉద్దేశాలు అంటగట్టకూడదు. మునులు ఆపింది కోణం బాగాలేదని కాదు. అది ఆశ్రమ మృగం, చంపకూడదు. ఆయుధం ఉన్నది ఆర్తులను కాపాడటానికి, నిరపరాధిని కొట్టడానికి కాదు అని వాళ్ళ వాదన. రెండో అంకంలో సేనాపతి వేటను తెగ పొగుడుతాడు. పొట్ట తగ్గుతుంది, ఒళ్ళు తేలికవుతుంది, కదిలే గురిని కొట్టడం విలుకాడికి గొప్ప అంటాడు. రాజు ఒప్పుకోడు. కానీ ఎందుకు? శకుంతలకు ముద్దుగా చూడటం నేర్పిన లేళ్ళమీద విల్లు ఎక్కుపెట్టలేడట. ఆ రోజుకు దున్నలు మడుగులో పొర్లవచ్చు, లేళ్ళు నీడలో నెమరు వేయవచ్చు. చాలా అందమైన ఘట్టం. కానీ అది ప్రేమలో పడినవాడి దయ. ప్రేమ లేనినాడు ఆ లేళ్ళ గతి ఏమిటో కాళిదాసు చెప్పడు. సేనాపతి 'కదిలే గురి' అన్నది నైపుణ్యం లెక్క, రాజుది ప్రేమ లెక్క. లేడి లెక్క ఏదో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

కాశ్మీరపు అభినవగుప్తుడు రసం అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఈ శ్లోకాన్నే తీసుకున్నాడు. ఈ భయం నాదా, శత్రువుదా, మిత్రుడిదా అన్న విడి గుర్తులు పోయి, ఫలానా లేడి అన్నది కూడా పోయి, కేవలం భయమే సహృదయుడికి గోచరిస్తుందట. అందువల్లనే అది దుఃఖం కాకుండా రసం అవుతుందట. దాన్ని కాదనే పాండిత్యం నాకు లేదు. నాటకశాలలో కూర్చున్నవాడికి అది నిజమే కావచ్చు. కానీ విల్లో తుపాకో చేతిలో ఉన్నవాడికి ఆ వెసులుబాటు లేదు. వాడికి ఆ లేడి ఫలానా లేడి కావాలి. ఎంత దూరం, ఎటు తిరిగింది, దాని వెనక ఇంకేముంది అన్న విడి గుర్తులన్నీ కావాలి. అవి పోయిన క్షణంలో వాడు చేసేది తప్పు. మా చిన్నతాత సహృదయుడు కాలేకపోవడానికి కారణం ఇదే కాబోలు. ఆయన ఆ లేడిని సాధారణం చేసుకోలేకపోయాడు.

దుష్యంతుడి బాణం చెడ్డ బాణం. పాండురాజుది, ఆ టెక్సాసు పుస్తకం ప్రకారం, మంచి బాణం. ఇక్కడే వ్యవహారం చిక్కబడుతుంది.

కథ అందరికీ తెలిసిందే. అడవిలో జంటగా కూడి ఉన్న లేళ్ళను పాండురాజు అయిదు బాణాలతో కొట్టాడు. మగలేడి రూపంలో ఉన్నవాడు కిందముడనే ముని. శపించి చచ్చిపోయాడు. భారతకథ అంతా ఆ శాపంలోంచి వచ్చింది. వేటగాడి కంటితో చూడండి. జంతువులు కదలడం లేదు. వాటి ధ్యాస ఇటువైపు లేదు. అల్లెతాటి చప్పుడుకు ఉలిక్కిపడే అర సెకను బెడద కూడా ఆ స్థితిలో తక్కువే. పుస్తకంలో పెట్టిన షరతులన్నీ కుదిరాయి. నైపుణ్యం రీత్యా తప్పు పట్టడానికి చోటు లేదు. అయినా భారతం తప్పు పట్టింది.

కిందముడు అన్నది కూడా జాగ్రత్తగా వినాలి. లేళ్ళను చంపావని నిన్ను నిందించడం లేదు, ఆ సమయం దాటేదాకా ఆగలేకపోయావు అన్నాడు. వేట తప్పని అనలేదు. వేసిన క్షణం తప్పన్నాడు. నన్నయగారి తెలుగులో ఈ ఘట్టం ఇంకా పదునుగా ఉంటుంది. పరుగెత్తలేక ఉన్నదాన్ని, ఈనుతున్నదాన్ని, జతకట్టి ఉన్నదాన్ని, జబ్బుపడ్డదాన్ని, అడవిలో వేటాడి బతికే ఎరుకలు కూడా, ఆకలితో మాడుతున్నా సరే, కొట్టరు అనిపిస్తాడు. రాజును మందలించడానికి ధర్మశాస్త్రాన్ని తెచ్చి చూపలేదు. అడవిలో బతికే ఎరుకల కట్టుబాటును తెచ్చి చూపాడు. వెయ్యేళ్ళనాటి రాజమహేంద్రవరపు ఆస్థానంలో కూర్చుని ఈ మాట అనడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. మన తెలుగు సాహిత్యంలో వేటధర్మం గురించి ఇంత సూటి మాట ఇంకెక్కడా నేను చూడలేదు.

ఆ నాలుగు స్థితులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తెలుస్తుంది. నాలుగూ లేడి చాలా సులభంగా దొరికే స్థితులు. అంటే టెక్సాసు పుస్తకం 'గురి తప్పే వీలుంటే వేయకు' అంటుంటే, నన్నయగారి ఎరుకలు 'తప్పించుకునే వీలే లేకపోతే వేయకు' అంటున్నారు. రెండూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. నిజమైన వేటగాడు ఈ రెంటి మధ్య ఇరుకు సందులో నిలబడాలి. లేడికి పారిపోయే అవకాశం ఉండాలి, వేసిన బాణానికి తప్పే అవకాశం ఉండకూడదు. ఎన్ని రోజులు ఒట్టి చేతులతో తిరిగి రావాలో ఆలోచించండి.

ఆ నాలుగింటిలో జబ్బుపడ్డదాని విషయంలో నాకు ఒక సందేహం. ఐరోపా వేటగాళ్ళు జబ్బు జంతువును, గాయపడ్డదాన్ని ముందుగా చంపడం బాధ్యత అంటారు. దాని బాధ తీర్చడం కోసం. ఎరుకలు దాన్ని ముట్టుకోకపోవడం దయవల్లా, జబ్బు మాంసం తినకూడదన్న తెలివివల్లా? రెండూ కావచ్చు. కట్టుబాట్లు ఒక్క కారణంమీద నిలబడవు. జర్మనీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. అక్కడ వేటగాడు కావాలంటే కఠినమైన పరీక్ష ప్యాసవ్వాలి. చంపిన లేడి నోట్లో ఒక చిన్న కొమ్మ పెట్టే ఆచారం ఉంది. దాన్ని చివరి ముద్ద అంటారు. కాళిదాసు లేడి నోటినుంచి సగం నమిలిన గడ్డి రాలిపోవడం, ఆ దేశంలో చచ్చిన లేడి నోట్లో మళ్ళీ ఆకు పెట్టడం, ఈ రెండూ నా మనసులో ఎందుకో పక్కపక్కన నిలిచిపోయాయి.

పాండురాజు ఊరుకోలేదు. రాజులు శత్రువులను చంపినట్టే మృగాలను చంపుతారు, ఏమరుపాటున ఉన్నా మెలకువతో ఉన్నా చంపుతారు, అగస్త్యుడంతటి ముని వేటాడలేదా అని వాదించాడు. దాదాపు ఇదే వాదన రామాయణంలో, కిష్కింధలో వినిపిస్తుంది. చాటునుంచి కొట్టావేమని వాలి అడిగితే, మాంసం కోరే మనుషులు ఏమరుపాటున ఉన్న మృగాన్నీ, మెలకువతో ఉన్నదాన్నీ, అటు తిరిగి ఉన్నదాన్నీ కొడతారు, అందులో దోషం లేదు అంటాడు రాముడు. అటు తిరిగి ఉన్నదాన్ని! కోణం ప్రసక్తి ఆదికావ్యంలోనే ఉందన్నమాట. వాలి చివరకు సమాధానపడ్డాడు. కిందముడు సమాధానపడలేదు. ఒకే వాదన ఒక కావ్యంలో చెల్లింది, ఒక కావ్యంలో చెల్లలేదు. రాముడి విషయంలో తీర్పు చెప్పే సాహసం నేను చేయను. కానీ ఈ రెండు ఘట్టాలనూ ఎదురెదురుగా పెట్టి పాఠం చెప్పే మాస్టారు ఒక్కరైనా మాకు దొరికి ఉంటే బాగుండేది.

దశరథుడి సంగతి వేరు. చీకట్లో, సరయూ ఒడ్డున, కుండ మునిగే చప్పుడు విని ఏనుగనుకుని వేశాడు. కోణం మాట అటుంచి అసలు జంతువే కనబడలేదు. కనబడనిదాన్ని కొట్టకూడదు అన్నది ఆ టెక్సాసు పుస్తకంలో మొదటి పాఠాల్లో ఒకటి. శబ్దవేధి అని మనం గొప్పగా చెప్పుకునే విద్య నిజానికి వేటలో అన్నిటికన్నా పెద్ద తప్పు. వాల్మీకి దాన్ని అలాగే చూపించాడు. మనమే విద్య పేరు గుర్తుపెట్టుకుని మునికుమారుణ్ణి పక్కకు నెట్టాం.

ఇక మన ప్రబంధాల వేటలు. మనుచరిత్రలో స్వరోచి వేట ఉంది. తర్వాతి వాటిలోనూ వేట ఒక ఆనవాయితీగా వస్తూనే ఉంటుంది. కుక్కలు, వలలు, కేకలు, పందులు, పడిపోయిన మృగాల జాబితా. పద్యాల నడక బాగుంటుంది, కాదనను. కానీ వేసేముందు ఆగిన మనిషి ఒక్కడూ కనబడడు. సంవత్సరాంతపు ఖాతాలా ఎన్ని పడ్డాయన్న లెక్కే. ధూర్జటి కాళహస్తిమాహాత్మ్యంలో తిన్నడి దగ్గర మాత్రం నేను ఆగుతాను. ఆయనకు అడవి తెలుసు, బోయల ఇళ్ళు తెలుసు. తిన్నడు తెచ్చిన మాంసంలో మంచిముక్క ఏదో రుచి చూసి మరీ దేవుడికి పెడతాడు. చంపినదానిపట్ల ఆ శ్రద్ధ రాజుల వేటల్లో ఎక్కడా లేదు.

చెడ్డ దెబ్బకు ఫలితం రాసిపెట్టినవాడు జిమ్ కార్బెట్. 1944లో వచ్చిన కుమావూన్ నరభక్షకుల పుస్తకం ముందుమాటలోనే, పులి మనుషుల మీదికి రావడానికి కారణమైన గాయం అజాగ్రత్తగా కాల్చి, వెంటపడి వెతకకుండా వదిలేసిన దెబ్బవల్ల కావచ్చునంటాడు. 1907లో ఆయన చంపిన చంపావత్ పులి 436 మందిని తిన్నదని లెక్క. దాని కుడివైపు కోరలు పైదీ కిందదీ విరిగి ఉన్నాయి. పాత తుపాకిదెబ్బ. ఎవడో ఒకడు, ఎప్పుడో, వేయకూడని సమయంలో వేశాడు. వాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మన హోసూరు ప్రాంతపు జవలగిరి అడవుల గురించి రాసిన బెంగుళూరు కెన్నెత్ ఆండర్సన్ కథలు పులులకోసం చదువుతాం. అడవిలో ఆగడం ఎలాగో కోసం ఇంకొకసారి చదవవచ్చు.

చివరగా మా చిన్నతాత మాట. ఆయనకు ఆ రోజు అరుగుమీద అంత కోపం ఎందుకు వచ్చిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. కాలేజీలో ఉన్నప్పుడు ఒక సెలవులో అడిగాను. 1972 చట్టం వచ్చాక ఆయన వేట మానేశాడని ఇంట్లో అనుకునేవాళ్ళం. (లైసెన్సుమీద వేటాడే వీలు కూడా 1991 సవరణతో పోయింది. ఇక్కడ వేట ఇప్పుడు నేరం. నేను చెబుతున్నది పాతకాలపు సంగతి.) 'చట్టం కాదురా' అన్నాడు. దానికి పదేళ్ళ ముందే మానేశాడట.

అది రాగిచేను పక్క వాగు. పొద్దు కుంకే వేళ. పట్నంనుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పక్కన ఉన్నాడు. దుప్పి ఒకటి నీళ్ళకు దిగి, ఇటువైపు ఏటవాలుగా నిలబడింది. చిన్నతాతది నాటుతుపాకి. నలభై గజాలు దాటితే ఆయన కాల్చేవాడు కాదు. అప్పుడు దూరం సరిపోయింది, కోణం సరిపోలేదు. తిరుగుతుందిలే అని ఆగాడు. పక్కాయన మోచేత్తో పొడిచాడు, 'వెళ్ళిపోతుంది, వెయ్యి' అని. వేశాడు. దుప్పి వీపు వంచుకుని వాగు దాటింది. ఆ వంపు చూడగానే తెలిసిపోయిందట. నెత్తురులో పచ్చ కనబడింది. తెల్లారేదాకా వదిలేద్దామంటే పెద్దమనిషి వినలేదు, మర్నాడు పొద్దున్నే ఆయన బస్సుకు పోవాలి. లాంతరు పట్టుకుని వెంటపడ్డారు. పొదల్లో రెండుసార్లు లేచిపోయిన చప్పుడు విన్నారు. దొరకలేదు. మూడో రోజు ఆకాశంలో రాబందులు తిరుగుతుంటే చిన్నతాత ఒక్కడే వెళ్ళి చూశాడు. అది ఆడది. పొదుగులో పాలు ఉన్నాయి.

'పిల్ల ఉండిందా తాతా?' అన్నాను.

'ఎతికితి. అగపడలే.'

అంతకన్నా ఏమీ చెప్పలేదు. తుపాకి అటకమీద పెట్టాడట. కొన్నేళ్ళకు ఠాణాలో అప్పగించాడు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఈ వ్యాసం రాయడానికి కూర్చుంటే నాకు ఒక లోటు తెలిసింది. లేడి అడ్డంగా నిలబడటానికి, ఏటవాలుగా నిలబడటానికి, తిత్తుల్లో తగిలిన నెత్తురుకు, పేగుల్లో తగిలిన నెత్తురుకు ఆ తరంవాళ్ళు వేరువేరు మాటలు వాడేవాళ్ళు. చిన్నతాత నోట విన్నట్టే ఉంది, ఇప్పుడు ఒక్కటీ జ్ఞాపకం రావడం లేదు. నిఘంటువుల్లో వెతికితే రాజుల వేటమాటలే దొరుకుతున్నాయి. బళ్ళారి వైపు, సోలాపురం వైపు, బరంపురం గంజాం కొండల వైపు, మా మొరసునాడులోనే ఇంకా లోపలి పల్లెల్లో, ఇలాంటి మాటలు తెలిసిన పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళను అడిగి పత్రికకు రాసి పంపవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. మాటతోబాటు, ఆ మాట ఏ సందర్భంలో వాడేవారో కూడా రాయండి.